సగానికి దిగిన జెండా

"ఆర్మాస్ గాడే ఎత్తుకుపోయాడు మామా. వాడు తప్ప ఇంకెవడు?"

ఇస్మో గుమ్మానికి భూర్జ కొమ్మలు కడుతున్నాడు. వెనక్కి తిరగలేదు. యుహన్నుస్ నడివేసవి పండగ పూట కూడా ఈ వాల్టో నోట అన్న పేరు తిట్టుగానే వస్తుందని తెలుసు.

"పడవ కట్టావా అసలు? రాత్రి నీ బూటు తాడు నువ్వే కట్టుకోలేనంతగా తాగావట."

"కట్టకేం? వలలు చూసొచ్చి కట్టే ఇంటికెళ్ళా. కోటూ, టోపీ, ఫోనూ అందులోనే ఉన్నాయి. పొద్దున చూస్తే రేవులో తాడు కూడా లేదు. సరస్సు చుట్టూ తిరిగి నీ దగ్గరికొచ్చేసరికి కాళ్ళు పడిపోయాయి."

"గాలికి కొట్టుకుపోయుంటుందిరా."

"అన్నీ గాలికేనా? మా నాన్న ఒడ్డు కూడా గాలికే పోయిందా?"

మొదలైంది. ఇస్మో ఇంకో కొమ్మ అందుకున్నాడు.

"నన్ను బడి మాన్పించి అడవిలో దుంగలు లాగించారు. ముసలాడు మంచాన పడగానే ఆర్మాస్ పక్కన చేరి సంతకం పెట్టించుకున్నాడు. రెండున్నర హెక్టార్ల ఒడ్డు, ఇల్లు, చివరనున్న పైన్ చెట్లతో సహా."

"ముసలాయన కింద గుడ్డలు ఉతికింది కూడా వాడే గదరా."

"కూలి లేకుండా ఉతికాడా మరి?"

ఇస్మోకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "ఏటా పండగ మంట దగ్గరికి రమ్మని నీకు కబురు పెడుతూనే ఉన్నాడు."

"నా నేల మీదికి నన్నే చుట్టంలా పిలుస్తాడా? వాడు చచ్చాక వెళ్తాను. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. గుండె చూస్తే ఓటి కుండ. ఎన్నాళ్ళుంటాడు?"

"తప్పురా, నోరు కడుక్కో."

సాయంత్రం సరస్సు చుట్టూ ఇళ్ళ ముందు జెండాలు లేచాయి. ఈ ఒక్క రాత్రి ఎవరూ దించరు. పొద్దుగుంకని రోజు జెండాకీ నిద్ర ఉండదు. ఇస్మో తన జెండా ఎగరేసి, వాల్టో పక్కన ఆవిరిగది మెట్ల మీద కూర్చున్నాడు. సాసేజీలు పొయ్యి మీద చిటపటమంటున్నాయి.

అవతలి ఒడ్డున ఆర్మాస్ ఇంటి కర్ర ఒక్కటే ఖాళీగా ఉంది.

"ముసలి పీనుగకి జెండా ఎగరేసే ఓపిక కూడా లేదు" అన్నాడు వాల్టో.

అప్పుడే ఎగిరింది. కొస దాకా వెళ్ళి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెల్లగా, ఆగి ఆగి, కిందికి దిగి సగంలో నిలిచిపోయింది.

ఈ ఒడ్డున పుట్టినవాడికి దాని అర్థం చెప్పక్కర్లేదు. ఆ ఇంట చావు.

ఇస్మో టోపీ తీశాడు. "అయ్యో, ఆర్మాస్..."

వాల్టోకి చిన్నప్పుడు తన చేతులు పట్టుకుని రెండు చుట్ల పడవ ముడి నేర్పిన అన్న వేళ్ళు గుర్తొచ్చాయి. వెంటనే ఆ వేళ్ళే కాయితం మీద సంతకం పెట్టించుకున్నాయని కూడా గుర్తొచ్చింది. గ్లాసు నింపాడు.

"పోయాడు మామా. ఆ ఒడ్డు ఇక నాదే."

"జెండా ఎవరు దించారో?"

"గుండె చూడ్డానికొచ్చే నర్సు దించుంటుంది. వాడికింకెవరున్నారు?"

"కనుక్కుందామంటే ఇక్కడ సిగ్నల్ దొరికి చావదు. పద, నేనూ వస్తాను."

"వద్దు. నా ఇంటికి నేను ఒక్కణ్ణే వెళ్ళాలి. నీ పడవియ్యి."

"మంట వెలిగించనురా ఈ ఏడు."

"వెలిగించు మామా. నాకోసం వెలిగించు." గ్లాసు పైకెత్తి తాగేశాడు. ఇస్మో తన గ్లాసు ముట్టుకోలేదు.

తెడ్లు వేస్తూ వాల్టో లెక్కలు వేసుకున్నాడు. మూలగదిలో తన మంచం. ఒడ్డు చివర కొత్త ఆవిరిగది. వచ్చే ఏడు మంట తన చేత్తో వెలిగిస్తాడు.

దూరంగా రెల్లు దగ్గర ఎవడో ఒక్కడే పడవలో నిలబడి, పొడవాటి కొక్కెం కర్రతో నీళ్ళ అడుగు గాలిస్తున్నాడు. ఎదురెండలో మొహం తెలియలేదు. కర్ర ముంచడం, లాగడం, చూడడం, మళ్ళీ ముంచడం.

"మనిషి చల్లబడక ముందే వాడి వలలు దోచుకుంటున్నారు" అనుకున్నాడు. "రేపు చెప్తా వీడి సంగతి. ఈ నీళ్ళు కూడా నావే ఇక."

రేవు చేరాడు. అక్కడుంది తన పడవ! అంచుకి రెల్లు చిక్కుకుని ఉంది, రెండు చుట్ల ముడితో భద్రంగా కట్టి ఉంది. ఆ ముడి ఎవరిదో వేరే చెప్పాలా?

"నే చెప్పలా? దొంగ! చచ్చేముందు కూడా బుద్ధి మారలేదు."

ఇంటి తలుపు తెరిచే ఉంది. నర్సు లేదు, ఎవరూ లేరు. కుర్చీ వీపున తన కోటు, ముడతలు సవరించి వేసి ఉంది. దాని మీద టోపీ, ఫోను. దొంగసొత్తుని కూడా ఎంత ముచ్చటగా దాచుకున్నాడో! పళ్ళు కొరుకుతూ మూలగదిలోకి వెళ్ళాడు. మంచం ఖాళీ. శవాన్ని అప్పుడే పట్నం తీసుకుపోయినట్టున్నారు.

కిటికీ దగ్గర బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కొవ్వొత్తి వెలిగించి, పక్కన చిన్న పటం పెట్టారు. ముందు రెండు అడవిపూలు. అద్దం మీద ఎండ పడి బొమ్మ కనబడడం లేదు.

"చూశావా ఆర్మాస్" అన్నాడు వాల్టో పటంతో, "ఆఖరికి వచ్చాను."

కొవ్వొత్తి ఆర్పబోయి, అన్న మొహం చివరిసారి చూద్దామని పటాన్ని ఎండకి పక్కగా తిప్పాడు.

పటంలో ఉన్నది తనే. కిటికీ అవతల, రెల్లు దగ్గర, ఆ కొక్కెం కర్ర ఇంకా నీళ్ళ అడుగు గాలిస్తూనే ఉంది.