ఆరో చుక్క

మూడో చుక్క నొక్కగానే పుష్పకుమారికి చేతులు చల్లబడ్డాయి.

'సైరన్ అంతకుముందు రెండుసార్లు అకారణంగా మోగింది' అని ట్యాబ్ మీద మూడో వాక్యం తేలింది. ఇయర్‌ఫోన్లలో ఎవరిదో ఆడగొంతు దాన్నే తీరిగ్గా చదివి వినిపించింది. కింద ఇంకా మూడు చుక్కలున్నాయి. ఒక్కో చుక్క నొక్కితే ఒక్కో వాక్యం బయటపడుతుంది. ఆరూ నొక్కితేగాని పాఠం ముందుకు కదలదు.

మొదటి వాక్యం 'రొయ్యలు వలిచే హాలు, ఉదయం షిఫ్టు' అంది. రెండోది 'అమ్మోనియా పైపు దగ్గర చిన్న లీకు' అంది. ఏ రొయ్యల కంపెనీలోనైనా ఇంతేగదా అని అప్పటిదాకా సర్దిచెప్పుకుంది పుష్పకుమారి. మూడోది చదివాక మాత్రం తలెత్తి చుట్టూ చూసింది.

అల్లూరు అవతల ఉన్న ఆ కంపెనీ క్యాంటీన్లో ఇరవైమంది ఆడవాళ్ళు ట్యాబులు ముందేసుకుని కూర్చున్నారు. పోయిన గురువారం గ్యాసు లీకై వాళ్ళ హాల్లోనే పనిచేసే పేరమ్మ నెల్లూరు ఆస్పత్రి పాలయింది. సైరన్ మోగకపోవడం ఎలక్ట్రీషియన్ సుశీల్ కుమార్ తప్పేనని అతన్ని ఇంటికి పంపేశారు. ఈ భద్రతా పాఠం పూర్తిచేస్తేనే మళ్ళీ హాల్లోకి రానిస్తామన్నారు.

పక్కనున్న ఆదిశేషమ్మ మోచేత్తో పొడిచింది. "ఏందక్కా, అట్ట చెమటలు పోసేస్తుండాయి నీకు?"

"ఏం లేదులే. నీదయిపోయిందా?"

"ఎప్పుడో. టకాటకా నొక్కేసినా. ఏం చదివినానో ఆ దేవుడికే తెలియాల."

"అందులో ఎవరి పేరన్నా ఉండాదా?"

"పేరా? నేను చూళ్ళే." ఆదిశేషమ్మ గొంతు తగ్గించింది. "నీకు తెలుసా, పేరమ్మకి పొద్దున మాటొచ్చిందంట. ఆఫీసోళ్ళు పోయి మాట్లాడొచ్చినారంట."

ఆ రోజు పేరమ్మ తల వంచుకుని రొయ్యలు వలుస్తోంది. చూసి ఉండదు. చూసిందేమో!

పుష్పకుమారి నాలుగో చుక్క నొక్కింది.

'ఆ మోతకు విసిగి ఒకరు సైరన్ స్విచ్ ఆపేశారు.'

ట్యాబ్ మూసేసింది. కాసేపటికి మళ్ళీ తెరిచింది. పాఠం ఎక్కడ ఆపిందో అక్కడే నిలబడి ఉంది. నాలుగు వాక్యాలు, రెండు చుక్కలు. లేచి బయటికి పోదామంటే తలుపు పక్కనే వినీల కుర్చీ వేసుకుని కూర్చుంది. పాఠం చెప్పించడానికి నెల్లూరు నుంచి వచ్చిన పిల్ల. అందరినీ చూసి నవ్వుతోంది. పుష్పకుమారిని చూసి కూడా నవ్వింది. ఎందుకు నవ్వినట్టు?

'ఏసయ్యా' అనుకుంటూ ఐదోది నొక్కింది.

'ఆ పని చేసింది ఎవరో కాదు, హాలు సూపర్‌వైజరే.'

వాక్యం పక్కన ఒక బొమ్మ మెల్లగా విచ్చుకుంది. ముందు గోడ, తర్వాత స్విచ్, దాని మీద ఒక చెయ్యి. ఆ తర్వాత ఆకుపచ్చ కోటు వేసుకున్న ఆడమనిషి. ముఖం ఉండాల్సిన చోట మాత్రం తెల్లగా ఖాళీ. ఇక్కడ సూపర్‌వైజర్‌గా తను వేసుకునే కోటు నీలం. రంగు కావాలనే మార్చారనుకుంది పుష్పకుమారి. ఇక ఆరో చుక్క నొక్కితే ఆ ఖాళీలోకి ముఖం వస్తుంది. ఆ ముఖం ఎవరిదో ఆమెకు తెలుసు.

అప్పటికే అందరూ ట్యాబులు అప్పజెప్పేసి టీ గ్లాసులతో నిలబడ్డారు. వినీల లేచి వచ్చింది.

"పుష్పక్కా, మీదొక్కటే మిగిలింది. ఆ ఆఖరిది కూడా నొక్కేయండి, అయిపోతుంది."

"నొక్కకపోతే?"

"లోపలికి పంపరక్కా. నొక్కాల్సిందే." వినీల ఆమె భుజం మీద చెయ్యేసింది. "భయమెందుకు? నేను నొక్కేదా?"

వినీల వేలు తెర మీదికి వంగింది. పుష్పకుమారి ఆ చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని దిగ్గున లేచింది. ఇయర్‌ఫోన్ల తీగ ట్యాబ్ నుంచి ఊడి కిందపడింది.

"వద్దు మేడమ్! నేనే. సైరన్ ఆపింది నేనే!"

క్యాంటీన్లో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

"చెవులు చిల్లులు పడతుండాయని, మాటిమాటికీ పని ఆగిపోతుండాదని ఆపినా. మళ్ళా వెయ్యను మరిచిపోయినా. సుశీల్‌కేం తెలీదు. ఆ బిడ్డని ఊరికే పంపించేసినారు. పేరమ్మ కాళ్ళ మీద పడి నేనే చెప్పుకుంటా. మీకు పుణ్యముంటాది, నా ముఖం మాత్రం ఇందులో చూపించబాకండి."

ఆదిశేషమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వినీలకు ఏమీ అర్థం కాలేదు.

"మీ ముఖమా? ఎక్కడక్కా?"

పుష్పకుమారి బొమ్మలోని ఖాళీ చూపించింది. వినీల ఆ బొమ్మను చూసింది, ఆమెను చూసింది. మెల్లమెల్లగా ఆ పిల్ల ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. చెయ్యి చాచి ఆరో చుక్క నొక్కింది.

ముఖం రాలేదు. ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది. దాని కింద ఆఖరి వాక్యం తేలింది. ట్యాబ్‌లోని ఆడగొంతు క్యాంటీన్ అంతా వినబడేలా, తీరిగ్గా చదివింది.

"ఇది శిక్షణ కోసం అల్లిన కథ. ఇందులోని సంఘటన ఎక్కడా జరగలేదు, ఇందులోని మనిషి ఎవరూ కాదు."