నాలుగో చరణం

"ఆ పాట ఇవాళ వద్దురా. ఇంకేదైనా పాడు," అన్నాడు క్లెమ్, ఫిడేలు తీగ బిగిస్తూ.

"అదే పాడతాను," అన్నాడు హెడ్లీ.

"నాలుగో చరణం దగ్గర ఆగిపోతావు."

"ఆగిపోతే ఆగిపోతాను."

"ఆగితే ఎవరందిస్తారు? నీ పెళ్ళానికి గొంతు పోయింది, గుర్తుందా? నువ్వు నీళ్ళు నములుతూ నిలబడగానే గదిలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి మాబెల్‌నే చూస్తారు. ఆవిడ నోరు తెరుస్తుంది, మాట రాదు. ఇంతమందిలో ఆవిడకి ఆ బాధ కావాలా?"

హెడ్లీ బీరు పెట్టెల సందులోంచి నడిచి గదిలోకి వెళ్ళిపోయాడు.

ఫ్లీట్‌వుడ్ రేవులో, ఆ పబ్బు మేడ మీది గదిలో, పాటల క్లబ్బుకి అది ఆఖరి ఆదివారం. వచ్చే వారం అక్కడ బిలియర్డ్స్ బల్లలు వేస్తారు. కింద వంటింట్లో కాలుతున్న మాంసం వాసన మెట్లెక్కి వస్తోంది. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ, ఎండతోపాటు సముద్రపు కాకుల అరుపులు. కుర్చీలు చాలక కొందరు గోడలకి ఆనుకున్నారు. 'ఉప్పుగాలి' బృందంలో మిగిలింది హెడ్లీ, క్లెమ్ ఇద్దరే అయినా, వాళ్ళ పాత పాటలకి గొంతు కలపడానికి ఊరు సగం వచ్చింది.

"మంచుకి బీరు గొట్టం గడ్డకట్టిన ఏడాది జ్ఞాపకముందా? టీ తాగుతూ పాడాం!" అంటోంది ఒకామె.

"పాట పాడి పోతానని వచ్చి, మాబెల్ వాళ్ళ సోఫా మీద పక్షం రోజులు పడుకున్న ఐరిష్ వాడో?"

"వాడు తిన్న గుడ్లకి ఒక కోళ్ళఫారం మూతపడి ఉంటుంది!"

నవ్వులు. ముందు వరసలో కూర్చున్న మాబెల్ కూడా నవ్వింది, చప్పుడు లేకుండా. ఆపరేషన్ తర్వాత ఆమెకి మిగిలింది ఊపిరంత సన్నని గుసగుస. చెవి దగ్గర పెడితే తప్ప వినబడదు.

ఆ గదిలో మైకు పెట్టరు. కాగితం చూసి పాడరు. మాట మరిచినవాడికి వింటున్నవాళ్ళలో ఎవరో ఒకరు అందిస్తారు. హెడ్లీకి మాత్రం మాబెలే అందించాలి. నలుగురిలో ఏనాడూ నిలబడి పాడని మనిషి ఆమె. తల వంచుకుని, ఒక్క పంక్తి రాగంతో అందించి, ఎర్రబడిన ముఖాన్ని చేతుల్లో దాచుకునేది.

హెడ్లీ కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. క్లెమ్ చేసేదిలేక కమాను కదిపాడు.

మొదటి చరణం సాగింది. గది మొత్తం పల్లవి అందుకుంది.

*రేవు దీపమా, రేవు దీపమా,*
*రెప్ప వాల్చకే, రేవు దీపమా.*

రెండోది సాగింది. మూడోది సాగింది. పల్లవి గోడలకి తగిలి, కప్పుకి తగిలి, కెరటంలా వెనక్కి వచ్చింది. అది అణగగానే హెడ్లీ నోరు తెరిచాడు. ఆగిపోయాడు.

మామూలు రోజైతే వెనకనుంచి ఎవరో ఒకరు, "మళ్ళీ మునిగాడ్రోయ్, తాడు వెయ్యండి!" అని అరిచేవారు. ఇవాళ ఎవరూ అరవలేదు. క్లెమ్ భయపడినట్టే తలలన్నీ మాబెల్ వైపు తిరిగాయి. చాలామందికి ఆ మాటలు నోటికొచ్చు. అయినా అందించడానికి ఎవరికీ నోరు రాలేదు.

మాబెల్ తల వంచుకుంది. పెదవులు కదిలాయి. ఏ చప్పుడూ రాలేదు.

హెడ్లీ ఎప్పటిలాగే తల పక్కకి వంచి, చెవి ఒగ్గి, ఆ పంక్తికి పట్టేంతసేపూ ఆగాడు. ఆమె పెదవులు నిలిచాక, "బతికించావు మాబెల్," అని నవ్వి, గొంతెత్తాడు.

*తలుపు తీసి ఉంచవే, తడిసి వస్తున్నా...*

గది గుప్పున పల్లవి అందుకుంది. ఏడుస్తూ అందుకుంది. మాబెల్ ఎర్రబడిన ముఖాన్ని చేతుల్లో దాచుకుంది.

పాటలయ్యాక, మెట్ల దగ్గర క్లెమ్ స్నేహితుడి భుజం పట్టుకున్నాడు.

"నిజం చెప్పు. ఆవిడ మాట నీకు వినబడిందా?"

"లేదు."

"మరి చరణం ఎలా దొరికింది?"

హెడ్లీ చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు. "ఆ చరణం నేనెప్పుడూ మరిచిపోలేదురా. నిద్రలో లేపి అడిగినా పాడతాను. దానికేమో సిగ్గు, పాడమంటే పాడదు. ఈ గదిలో దాని గొంతు వినాలంటే నాకు ఇంకో దారి దొరకలేదు."

"ఇన్నేళ్ళూ నటించావా? దొంగ వెధవా!"

"అరవకు. దానికి తెలిస్తే సిగ్గుతో చచ్చిపోతుంది. ఒట్టు వెయ్యి."

క్లెమ్ ఒట్టు వేశాడు. హెడ్లీ భోజనం చెప్పడానికి కిందికి దిగాడు. క్లెమ్ కళ్ళు తుడుచుకుని, కోటు అందిద్దామని మాబెల్ దగ్గరికి వెళ్ళాడు. ఆమె అతని చొక్కా పట్టి దగ్గరికి లాగి, చెవిలో అడిగింది.

"ఏమంటున్నాడు? ఎప్పుడూ మరిచిపోలేదనేనా?"

క్లెమ్ కొయ్యబారిపోయాడు. "నీకు... నీకెలా తెలుసు?"

"ఆయనతో అనకు, పాపం," అంది మాబెల్ గుసగుసగా. "పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం పోట్లాడుకుని వచ్చాం. ఆ కోపంలో నేను కావాలనే 'తలుపు గడియ వెయ్యవే' అని అందించాను. ఆయన నన్నే చూస్తూ, నవ్వుతూ, సరైన మాటే పాడేశాడు."