వీరమ్మ లేవనంది

ఇలా దగ్గరకి జరగండర్రా. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. మొన్న కార్తీకంలో తుఫాను పట్టినప్పుడు, ఉప్పాడ పక్క పేటలో వీరమ్మ ఒక గవర్నమెంటు ఉద్యోగికి ఎలా ఎదురు తిరిగిందో చెబుతాను. తొందరపెట్టారంటే చెప్పను. ఆ తొందర పాపం ఆ ఉద్యోగికీ ఉండేది.

"నేను లేవను," అంది వీరమ్మ.

ఆ మాట అనడం అది నాలుగోసారి. చాప మీద బాసింపట్టు వేసుకుని, వీపు గోడకి ఆనించి కూర్చుంది. పక్కన ఒక ట్రంకుపెట్టె, రెండు సత్తుగిన్నెలు, బట్టల మూట. సముద్రం హోరు గోడల్లోంచి వినిపిస్తోంది.

ఎదురుగా ఉదయ్‌కుమార్ నిలబడి ఉన్నాడు. గ్రామ సచివాలయంలో కొత్తగా చేరాడు, అనంతపురం వైపు మనిషి. చేతిలో లిస్టు ఉంది. అందులో అన్ని పేర్ల పక్కనా టిక్కులు పడ్డాయి, వీరమ్మ పేరు పక్కన తప్ప.

"అవ్వా, అందరూ పోయినారు. నువ్వొక్కదానివే ఉండావు. సాయంత్రం అయిదు లోపల ఖాళీ చేయించల్లని ఆర్డరు."

"అవ్వేంటయ్యా? మా వైపు మామ్మగారూ అంటారు."

"సరే మామ్మగారూ, లేయండి."

"ఎలా పిలిచినా లేవను."

గుమ్మంలో నిలబడ్డ పల్లంరాజు నవ్వాడు. జనాన్ని దింపడానికి పిఠాపురం నుంచి రప్పించిన ఆటో అతనిది. "ఏసీ కారు పంపలేదని అలిగినట్టున్నారండి," అన్నాడు.

"నువ్వూరుకో. నీ ఆటో హారన్ నీకంటే మర్యాదగా మాట్లాడతంది," అంది వీరమ్మ.

ఉదయ్‌కుమార్ చాప పక్కన గొంతుకూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"మామ్మగారూ, పాతిక కేజీల బియ్యం, పప్పు, నూనె అన్నీ రెడీగా ఉండాయి. మీరు ఆటో ఎక్కితే చాలు."

"ఎక్కడ పెట్టి వండుకోను?"

"అందరూ వండుకుంటాండారు కదా!"

"అందరి సంగతి వేరు, నా సంగతి వేరు. నోటితో చెప్పి చెప్పి అలిసిపోయాను బాబూ. మీ వాళ్ళు వింటారు, రాసుకుంటారు, వెళ్ళిపోతారు. మళ్ళీ ఇంకొకళ్ళొస్తారు, మొదట్నించి చెప్పమంటారు."

ఉదయ్‌కుమార్ నిట్టూర్చాడు. "మా ఊర్లో ఒక మబ్బు కనబడితే పిల్లోళ్ళు కేకలేస్తారు. శనక్కాయ చేను ఎండిపోతావుంటే మా నాయన మెడ నొప్పి పుట్టేదాకా ఆకాశం చూస్తాడు. ఈడ చూస్తే నీళ్ళతోనే మీకు పోరాటం."

"మీకు రావలసిన వానంతా మా నెత్తిన కుమ్మరిస్తన్నారన్నమాట!" అంది వీరమ్మ. "మా పెద్దోడు గుజరాత్‌లో చేపల వేట చేస్తాడు. మనకి ఎండల్లో వేట నిషేధమని బోట్లు ఆపితే, వాళ్ళకి వానల్లో ఆపుతారంట. ఢిల్లీ వైపు చలికి మంటలేసుకుంటుంటే మనం ఉక్కకి విసనకర్ర పట్టుకుంటాం. ఇంత దేశం, ఊరికో ఆకాశం. అందరికీ ఒకటే ఆర్డరేంటి? ఆ ఆర్డరు రాసినాయన ఏ ఊరి ఆకాశం చూసి రాశాడు?"

"వాతావరణం వాళ్ళ రిపోర్టు చూసి రాసినారు."

"రిపోర్టులో నా పేరుందా?"

ఉదయ్‌కుమార్ జేబులో ఫోను మోగింది. పై ఆఫీసరు. "అయిపోతోంది సార్," అని పెట్టేశాడు. వీరమ్మ చేతిలోంచి మూట లాగబోయాడు. ఆవిడ వదల్లేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నలభై ఏళ్ళు చేపల తట్ట మోసిన చేతులు. మూట అంగుళం కదల్లేదు.

"చూడు బాబూ," అంది. "నిన్ను తిట్టాలని లేదు. నన్ను ఎక్కడ దింపుతానంటున్నావో అక్కడికి ముందు నువ్వెళ్ళు. నీ కళ్ళతో చూడు. ఇక్కడ పడుకోవచ్చు మామ్మగారూ అని నాకో జానెడు చోటు చూపించు. అప్పుడు నువ్వు లేపక్కర్లేదు. నేనే లేచి, నీ లిస్టులో నేనే టిక్కు పెడతాను."

"అంతేనా?"

"అంతే. మాట తప్పితే అప్పుడడుగు."

ఆవిడని దాటే దారి ఇదొక్కటే అనిపించింది అతనికి. ఆటో ఎక్కాడు.

అరగంటకి ఆటో తిరిగి వచ్చింది. వెళ్ళేటప్పుడు పాట పెట్టుకుని వెళ్ళిన పల్లంరాజు, పాట లేకుండా వచ్చాడు. ఉదయ్‌కుమార్ ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. బూట్లు చేతిలో ఉన్నాయి. ఆవిడ వైపు చూడలేకపోయాడు.

"చోటు దొరికిందా బాబూ?" అంది వీరమ్మ.

అతను తల అడ్డంగా ఊపాడు. ఇంతలో ఫోను మళ్ళీ మోగింది. ఈసారి అందరికీ వినపడేలా మాట్లాడాడు.

"ఖాళీ కాలేదు సార్."

అవతల ఆయన అరుపు పల్లంరాజుకి కూడా వినపడింది. "ఒక్క ముసలావిడని లేపలేకపోయావా?"

"లేపలేక కాదు సార్. లేపను."

"ఉద్యోగం ఉండాలనుందా?"

"ఉండాలనే ఉంది సార్. అందుకే చెప్తాండా. ఆమెకి చోటు చూపించేదాకా ఆమె కదలదు, నేనూ కదలను. మెమో రాసుకోండి. నా పేరు ఉదయ్‌కుమార్. స్పెల్లింగ్ చెప్పల్లా?"

ఫోను కట్టేశాడు. బూట్లు ఒక మూల పెట్టి, వచ్చి గోడకి ఆనుకుని కూలబడ్డాడు. వీరమ్మ పక్కకి జరిగి చాపలో సగం ఇచ్చింది.

"పొద్దున్నించీ ఏమైనా తిన్నావా నాయనా?"

"లేదు మామ్మగారూ."

"పల్లంరాజూ, అలా నిలబడతావేం? నువ్వూ రా. వెళ్ళేవాళ్ళు ఇచ్చిపోయిన చేపల పులుసుంది."

ఇదర్రా జరిగింది. రేపు మీరు ఇంకొకళ్ళకి చెప్పేటప్పుడు గాలీ వానా మర్చిపోయినా పర్వాలేదు గానీ, ఇంతసేపూ నేను దాచిపెట్టిన ఈ ఒక్క ముక్క మాత్రం గుర్తుపెట్టుకుని చెప్పండి.

వీరమ్మ కదలనన్నది, తుఫాను వెలిశాక, తుఫాను షెల్టర్లోంచి. ఆవిడ ఇల్లున్న చోట ఇప్పుడు సముద్రముంది.