వీసాలో రాయని పని

"విజిటర్ వీసా మీద వచ్చి ఈడ పని చేస్తా ఉండాడంట, మీ తెల్లాయప్ప," అన్నాడు కానిస్టేబుల్ గోపీనాథ్, కాగితం విప్పుతూ. "నిజమైతే వాళ్ల దేశానికి పంపించేస్తారమ్మా."

స్వీడన్ నుంచి వచ్చిన ఎరిక్ మూడు నెలలుగా కెలవరపల్లిలో గంగక్క ఇంట అద్దెకున్నాడు. ల్యాప్‌టాప్ ముందు కూర్చొని తన దేశపు కంపెనీకి పని చేస్తున్నానని అతడే ఆమెకు చెప్పాడు. ఆమె నమ్మలేదు. కూర్చొని చేసేది పనెలా అవుతుంది? ముప్పై దాటినవాడు ఊరికే ఉంటే చెడిపోతాడని జాలిపడి, సాయంకాలాలు తన పన్నెండు మేకలను అతడికి అప్పగించింది.

"ఏం పనప్పా?" అంది, ఇంటి ముందు పంచలో టైపు చేసుకుంటున్న ఎరిక్ వంక చూస్తూ.

"ఆ పెట్టెతో ఆడుకుంటే ఎవురూ ఏమీ అనరు. మేకలు మేపుతా ఉండాడు గదా! ఊరంతా చూసినారు."

తప్పు తనదేనని గంగక్కకు అర్థమైంది.

"అదీ ఒక పనేనా అప్పా? మేకలు వాటంతట అవే మేస్తాయి. మనిషి ఊరికే ఎనకాల నిలబడుకొని ఉంటాడు. నలభై ఏండ్లుగా నేను నిలబడలేదా?"

గోపీనాథ్ జేబులోంచి పెన్ను తీశాడు.

"అదీ నిజమేలే. నువ్వు మాత్రం ఏం పని చేసినావు!" అని, 'మేకల కాపరి' అన్న మాట కొట్టేసి, 'ఏ పనీ లేదు' అని రాసుకొని వెళ్లిపోయాడు.

ఎరిక్ ఆమెకు చేతులు జోడించి, ల్యాప్‌టాప్ మూసి, మేకల కర్ర అందుకున్నాడు.

గంగక్క అతడి చేతిలోంచి కర్ర లాక్కుంది.

"నువ్వు ఈడే కూర్చోప్పా. నాకు పనుంది."