కినాకో కొత్త తోక

గాజు తొట్టె తలుపు సందులో నలిగి, చిరుతమచ్చల పెంపుడు బల్లి కినాకో తోక ఊడిపోయింది. తొమోయో ఏడుస్తూ తన బల్లిని చెల్లెలు నాగిసా చేతిలో పెట్టింది.

"నావల్ల కాదే. నయమయ్యేదాకా నువ్వే చూడు."

నాగిసా ఇసుక తీసేసి శుభ్రమైన కాగితం పరిచింది. పురుగులను పట్టకారుతో నోటికందించింది. రోజూ ఫొటో పంపితే, "బెంగగా ఉందే" అని అక్క జవాబిచ్చేది.

చిన్న ఉల్లిగడ్డలా గుండ్రంగా కొత్త తోక వచ్చాక, కినాకోను డబ్బాలో పెట్టుకుని నాగిసా సంబరంగా అక్క ఉండే ఒసాకాకు రైలెక్కింది.

అక్క గుమ్మం పక్కనున్న తొట్టెలో మరో బల్లి ఉంది, నిండు తోకతో.

"ఇదెప్పుడు కొన్నావక్కా?"

"అది నీ దగ్గరికొచ్చిన మర్నాడే. ఊడిన తోక మళ్లీ అంత అందంగా రాదు కదే. నువ్వెలాగూ సాకుతున్నావు... రా, టీ పెడతా."

"వద్దులే. ఊరికే దీన్ని చూపించి పోదామని వచ్చా," అంది నాగిసా, డబ్బా మూత తీయకుండానే.