నూట ఎనభై ఆరు ఉత్తరాలు

“ఒక్కొక్కటీ టైపు చేస్తూ కూర్చుంటే తెల్లారుతుందయ్యా. నాకు ఇవాళే కావాలి. రేపు ఊపిరి సలపదు” అన్నాడు వెంకటకృష్ణారావు, పేర్లున్న ఫ్లాపీ అందిస్తూ. ఆయన ఓ ప్రైవేటు కాలేజీ మేనేజరు.

“అరగంట చాలండీ. మాక్రో రాసిపెట్టాను. ఒక్క మీట నొక్కితే పేర్లు వాటంతటవే ఉత్తరాల్లోకి ఎక్కి ప్రింటైపోతాయి” అన్నాడు కరిముల్లా. పటమట మొత్తంలో ఈ విద్య తన కంప్యూటర్ సెంటరులోనే ఉందని అతని ధీమా.

“తేదీ దగ్గర ఖాళీ వదిలెయ్. తర్వాత స్టాంపు వేసుకుంటాం.”

కరిముల్లా ఉత్తరం నమూనా రెండుసార్లు చదివాడు. ‘కంప్యూటర్ లెక్చరర్ ఉద్యోగానికి జరిపిన ఇంటర్వ్యూలో మీ సమాధానాలు మమ్మల్ని ఎంతో ఆకట్టుకున్నాయి. అయినా తీసుకోలేకపోతున్నందుకు చింతిస్తున్నాం.’

ఆ ఉద్యోగం మీదే అతని చెల్లెలు సనోబర్ ప్రాణాలు పెట్టుకుంది. పోయిన మంగళవారం సర్టిఫికెట్లు పట్టుకుని కాలేజీకి వెళ్లొచ్చింది కూడా.

“దరఖాస్తులు ఎన్నొచ్చాయండీ?”

“నూట ఎనభై ఏడు. ఉత్తరాలు నూట ఎనభై ఆరు.”

అంటే ఒక్కరికి ఉత్తరం రాదు. ఆ ఒక్కరూ సనోబరే కాకూడదా? కరిముల్లా మీట నొక్కి, వచ్చిన ప్రతి కాగితం మీదా పేరు చూడసాగాడు. వంద దాటాయి. నూట అరవై దాటాయి. నూట అరవై ఎనిమిదోది చేతిలోకి తీసుకున్నాడు.

షేక్ సనోబర్.

చేత్తో టైపు చేసేవాడైతే అక్కడ ఆగేవాడు. మాక్రోకు ఆగడం అతను నేర్పలేదు. మిగతా పద్దెనిమిదీ వరసగా వచ్చిపడ్డాయి.

“ఈమె మా చెల్లెలండీ.”

మేనేజరు గతుక్కుమన్నాడు. వెంటనే సర్దుకుని, “అలాగా! బాగానే చెప్పిందయ్యా పాపం. ఏం చేస్తాం, పోటీ అలాంటిది. ఉత్తరం అందేదాకా ఇంట్లో అనకు” అని కట్టలు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

అననని తలూపాడు గానీ, ఇంటికెళ్లి చెల్లెలి మొహం చూశాక కరిముల్లా వల్ల కాలేదు. ఆమె హుషారుగా మంగళగిరి చీరకు ఇస్త్రీ చేసుకుంటోంది.

“ఆ కాలేజీ కాకపోతే ఇంకోటి. బెంగ పెట్టుకోకమ్మా” అన్నాడు.

“అవేం మాటలు భయ్యా! మంగళవారం సర్టిఫికెట్లు చూసి పంపించారంతే” అని నవ్వింది సనోబర్.

“ఇంటర్వ్యూ రేపు.”