ఒక జత పట్టేంత ఖాళీ

"ఇవాళైనా 'నాన్నా' అందా?" గుమ్మంలో బూట్లు విప్పకుండానే అడిగాడు భర్త. పాపకి ఆటిజమని డాక్టరు చెప్పినప్పటి నుంచీ రోజూ ఇదే పలకరింపు.

"లేదండీ. మీరు లేని టైము చూసి ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు," అంది భార్య.

అతను నవ్వలేదు. పాప గడప దగ్గర కూర్చుని ఇంట్లో చెప్పులన్నీ వరసగా పేర్చింది. మధ్యలో ఒక జత పట్టేంత ఖాళీ.

"అక్కడ నావి పెట్టబోతే విసిరికొట్టింది. అత్తయ్యవీ అంతే. సాయంత్రం నుంచీ కాపలా కాస్తోంది."

అతను బూట్లు విప్పి ఆ ఖాళీలో పెట్టాడు. పాప తలెత్తలేదు. ఎడమ బూటు వంకరగా ఉందని సరిచేసి, ఇక పనైపోయినట్టు లోపలికెళ్లిపోయింది.

అతను గడప మీదే కూలబడ్డాడు.

"ఇంకేమైనా అడగాలా?" అంది భార్య.

"లేదు. రేపు కాస్త పెందరాళే రావాలి."